వినుటయు ఒక విద్యయే : హెడ్‌ఫోనుల ఎంపిక – సంరక్షణ

మానవుడు మాటలాడుట నేర్చుకొనుటకు ముందే వినుట నేర్చుకొనును. శిశువు తల్లి జోలపాటను అర్థము తెలియకయే వినును. ఆ వినికిడి నుండియే భాష పుట్టును. వేదమునకు శ్రుతి యను పేరు వచ్చుటకును, ఖురాను పారాయణమును ఉస్తాదు నోట విని నేర్చుకొను ఆచారము నిలిచియుండుటకును మూలము ఒక్కటియే. అది చెవి. అయినను మన విద్యాలయములలో చదువుటకును, వ్రాయుటకును ఇచ్చు శిక్షణలో పదవ వంతైనను వినుటకు ఇచ్చుట లేదు.

ఈనాడు అనకాపల్లి రైల్వే స్టేషనులో ఉదయపు రైలు కొరకు నిలుచున్న విద్యార్థులను చూచినచో చాలమంది చెవులలో ఏదో ఒక వినికిడి సాధనము కనిపించును. కళాశాల వార్షికోత్సవమునకు పాటలు రికార్డు చేయువారు, నాటకములకు నేపథ్య సంగీతము కూర్చువారు, ఊరి పెద్దల కథలను ఫోనులో భద్రపరచువారు మన విద్యార్థులలో ఏటేట పెరుగుచున్నారు. కాని ఈ సాధనమును ఎట్లు ఎన్నుకొనవలెను, ఏ పనికి ఏ రకము తగును, దానిని ఎట్లు కాపాడుకొనవలెను అను ప్రశ్నలను వేసికొనువారు తక్కువ. మేము ఇంజనీరులము కాము, భాషను బోధించువారము. అయినను భాషకు చెవియే ద్వారము గనుక ఈ విషయమును మా శక్తికొలది వివరించుటకు పూనుకొంటిమి.

ఒక అనుభవము

కొన్ని సంవత్సరముల క్రితము మాకు కలిగిన ఒక అనుభవమును ముందుగా మనవి చేసెదము. మా అమ్మమ్మగారు పెండ్లి పాటలు పాడుటలో మా బంధువర్గమున పేరుపొందినవారు. ఇంటిలో మేమందరము ఆమెను నానీ అని పిలిచెడివారము. పసుపు పూయునాడు ఆమె పాడు పాటలలో ఒక పాదము ఉర్దూలో నుండగా మరియొక పాదము తెలుగులో నుండెడిది. క్రొత్త కోడలిని ఆటపట్టించు మాట ఉర్దూలో మొదలై తెలుగులో ముగిసెడిది. వానిని ఆమె తన అత్తగారి నోట విని నేర్చుకొన్నారు. ఎవరును ఎచ్చటను వ్రాసి యుంచలేదు.

ఒక వేసవి మధ్యాహ్నము మేము చిన్న డిజిటల్ రికార్డరును, చొక్కాకు తగిలించు మైకును తీసికొనిపోయి ఆమె చేత పదకొండు పాటలు పాడించితిమి. యంత్రము తెరపై గీతలు చక్కగా పైకి క్రిందికి కదలుచుండెను. వానిని చూచి పని బాగుగా జరుగుచున్నదని తృప్తి పడితిమి. సంచిలో హెడ్‌ఫోను ఉన్నది. కాని పెద్దవారు పాడుచుండగా వారి ఎదుట చెవులు మూసికొని కూర్చుండుట మర్యాద కాదని తలచి దానిని బయటకు తీయలేదు.

ఇంటికి వచ్చి విన్నప్పుడు తప్పు తెలిసినది. మొదటి ఆరు పాటలలో పైకప్పు ఫ్యాను హోరు, గాజుల చప్పుడు ఉన్నను మాట తెలియుచున్నది. ఏడవ పాట మొదట మైకు పిన్ను కొద్దిగా వదులైనట్లున్నది. అక్కడినుండి చివరివరకు చిటపటలు తప్ప మరేమియు లేదు. "మరల వెళ్ళి పాడించుకొందములే" అని సమాధానపడితిమి. తరువాతి రంజాను నెల రాకమునుపే నానీ కన్నుమూసిరి. ఆ ఐదు పాటలు ఆమెతోనే పోయినవి.

తప్పు యంత్రముది కాదు, మాది. తెరపై గీతలు శబ్దము ఎంత యున్నదో చెప్పును గాని ఆ శబ్దము ఏమిటో చెప్పవు. పాటకును గీతలు లేచును, పిన్ను చిటపటలకును గీతలు లేచును. రెండింటిని వేరుచేసి చెప్పగలది చెవి ఒక్కటియే.

మన అనకాపల్లి బెల్లమునకు పేరుపొందిన ఊరు. చెరకు రసమును పెనములో మరిగించువాడు పాకమును చల్లని నీటిలో కొంచెము వేసి, వ్రేళ్ళతో నలిపి చూచి గాని అచ్చులలో పోయడు. పోసిన తరువాత దిద్దుటకు వీలులేదని అతనికి తెలియును. రికార్డింగు చేయువానికి హెడ్‌ఫోను ఆ నీటిగిన్నె వంటిది.

హెడ్‌ఫోను ఎట్లు పనిచేయును?

హెడ్‌ఫోను అనగా చెవికి ఆనించుకొను చిన్న స్పీకరు. సామాన్యముగా వాడు రకములలో ఒక అయస్కాంతము, దాని మధ్య సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన పలుచని పొర ఉండును. తీగచుట్టలో ప్రవహించు విద్యుత్తు శబ్దమునకు అనుగుణముగా మారుచుండును. ఆ మార్పును బట్టి చుట్ట ముందు వెనుకలకు కదలును. పొర కంపించి గాలిని కదిలించును. ఆ కదలికయే మనకు శబ్దముగా వినబడును. ఆరోగ్యవంతుడగు యువకుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కంపనముల వరకు, అనగా 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. వయస్సు పెరిగినకొలది ఈ పై హద్దు తగ్గుచుండును.

దీని చరిత్రయు ఆసక్తికరమైనదే. 1910 ప్రాంతమున అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియల్ బాల్డ్విన్ అను నతడు తన ఇంటి వంటగదిలో హెడ్‌ఫోనులను తయారుచేసి అమెరికా నౌకాదళమునకు పంపెను. అప్పటికవి తంతి లేని వార్తలను వినుటకు పనికివచ్చు సాధనములు మాత్రమే. 1958లో జాన్ కాస్ సంగీతము వినుటకై స్టీరియో హెడ్‌ఫోనును ప్రవేశపెట్టెను. 1968లో జర్మనీ దేశపు సెన్‌హైజర్ సంస్థ వెనుక భాగము తెరచియుండు హెచ్.డి. 414 అను రకమును విడుదల చేసినది. 1979లో జపాను దేశపు సోనీ సంస్థ వాక్‌మన్‌ను తెచ్చినది.

విశాఖపట్నములో ఆకాశవాణి కేంద్రము 1963లో ప్రారంభమైనది. ఆ రోజులలో రేడియో ఉన్న ఇంటి అరుగుపై నలుగురు చేరి వినెడివారు. ఒకరికి వినబడినది అందరికి వినబడెడిది; శబ్దము మితిమీరినచో తగ్గింపుమని చెప్పు పెద్దలు ప్రక్కనే ఉండెడివారు. వాక్‌మన్ తరువాత వినుట ఏకాంత వ్యవహారమైనది. తగ్గింపుమని చెప్పువారు లేరు. కావున ఆ విచక్షణను వినువాడే అలవరచుకొనవలసి యున్నది.

నిర్మాణమును బట్టి చెవిని పూర్తిగా కప్పు హెడ్‌ఫోనులు ముఖ్యముగా రెండు విధములు. వెనుక మూసినవి మొదటి విధము. వ్యాపారులు వీనిని క్లోజ్డ్ బ్యాక్ అందురు. లోపలి శబ్దము బయటకు, బయటి శబ్దము లోపలికి తక్కువగా పోవును. వెనుక తెరచినవి రెండవ విధము. వీనిని ఓపెన్ బ్యాక్ అందురు. వీనిలో గాలి స్వేచ్ఛగా ఆడును గనుక శబ్దము సహజముగా తోచును గాని రెండు వైపులకు కారిపోవుచుండును. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో తరువాతి విషయము సులభముగా బోధపడును.

రికార్డింగునకు తగినది

రికార్డింగు సమయమున వాడదగినది వెనుక మూసిన రకము. దీనికి రెండు కారణములు కలవు. గాయకుడు తాళమునో, ముందుగా రికార్డు చేసిన వాద్యమునో వినుచు పాడుచున్నపుడు తెరచిన రకమైనచో ఆ శబ్దము కారి మరల మైకులో పడును. ఒకసారి పడిన దానిని తీసివేయుట అసాధ్యప్రాయము. రెండవది, రికార్డు చేయువానికి మైకు పట్టుచున్నదే వినబడవలెను గాని గదిలోని శబ్దము నేరుగా చెవికి చేరరాదు. రెండును కలిసినచో లోపము తెలియదు.

ఈ పనికి తీగగల హెడ్‌ఫోనే శ్రేయస్కరము. బ్లూటూత్ పద్ధతిలో శబ్దమును సంకేతములుగా మార్చి పంపి మరల శబ్దముగా మార్చవలసి యుండుటచే ఆలస్యము కలుగును. తరచుగా అది సెకనులో పదవ వంతును మించును. పాట వినుటకు ఈ ఆలస్యము తెలియదు గాని తాళమును వినుచు పాడువానికి అది పెద్ద ఆటంకము. తన గొంతు తనకే వెనుకబడి వినిపించినచో ఎంతటి గాయకుడైనను తడబడును.

బయటి హోరును అణచివేయు యంత్రాంగము గల రకములును ఈ పనికి తగవు. వంగదేశపు తండ్రికి అమెరికాలో జన్మించి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన అమర్ గోపాల్ బోస్ 1978లో విమానమున ప్రయాణించుచు ఈ విధానమును గురించి ఆలోచన ప్రారంభించెను. హెడ్‌ఫోనులోని చిన్న మైకులు బయటి హోరును గ్రహించును. యంత్రము దానికి సరిగా ఎదురగు తరంగమును పుట్టించును. రెండును కలిసి హోరు తగ్గును. ప్రయాణికునకు ఇది వరమే. కాని గదిలో ఫ్యాను తిరుగుచున్నదో లేదో తెలిసికొనగోరు వానికి ఆ ఫ్యాను హోరును తగ్గించి చూపు సాధనము మేలు చేయదు.

కొనునప్పుడు పెట్టెపై ఓములలో వ్రాసిన సంఖ్యను గమనింపవలెను. అది విద్యుత్తునకు హెడ్‌ఫోను చూపు నిరోధము. ఫోనునకును, చేతి రికార్డరునకును 32 మొదలు 80 ఓముల వరకు గలవి సామాన్యముగా సరిపోవును. 250, 300 ఓములు గలవి తగిన ఆంప్లిఫయరు లేనిచో చాలినంత బిగ్గరగా పలుకవు. ఉదాహరణకు 1991 నుండి స్టూడియోలలో వాడుకలోనున్న సోనీ ఎం.డి.ఆర్. 7506 నిరోధము 63 ఓములు. బేయర్‌డైనమిక్ డి.టి. 770 ప్రో అను రకము 32, 80, 250 ఓములలో దొరకును. పేరు ఒక్కటే యని సంఖ్య చూడక 250 ఓముల దానిని కొని, ఫోనుకు తగిలించి, శబ్దము చాలలేదని చింతించుట వృథా.

మన విద్యార్థినులకు ప్రత్యేకముగా ఒక మాట. హెడ్‌ఫోను మెత్త చెవి చుట్టును చర్మమునకు ఆనినప్పుడే మంద్ర స్వరములు సరిగా వినబడును. ఓఢ్నీపై గాని, హిజాబుపై గాని పెట్టుకొన్నచో మెత్తకును చెవికిని నడుమ సందు ఏర్పడి మంద్రము తగ్గును. వీలైనచోట వస్త్రము క్రింద పెట్టుకొని పైన సర్దుకొనుట మేలు. వీలుకానిచోట మంద్రము ఉన్నదానికంటె తక్కువగా వినబడుచున్నదని తెలిసి తీర్పు చెప్పవలెను. కండ్లజోడు కాడలు కూడ ఇట్టి సందునే కలిగించును. జుంకాలు మెత్తకు తగిలి చప్పుడు చేయును గనుక వానిని తీసి ఉంచుట మంచిది.

పని ప్రారంభించుటకు ముందు ఒక నిమిషము ఎవరును మాటలాడక గది నిశ్శబ్దమును హెడ్‌ఫోనుతో వినవలెను. ఫ్యాను, ఫ్రిజ్, నీటి మోటారు, దూరపు రైలు అప్పుడు వినబడును. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో ప్రవహించును. తీగలలో దోషమున్నచో 50, 100 హెర్ట్జ్ స్థాయిలలో గుమ్మను మ్రోత వినబడును. తీగను మెల్లగా కదిపి చూచినచో వదులు పిన్ను బయటపడును. మేము ఆ నాడు ఈ ఒక్క నిమిషమును ఖర్చు చేసియుండినచో, తరువాతను చెవిని హెడ్‌ఫోను నుండి తీయకుండినచో, నానీ పాటలు పదకొండును దక్కియుండెడివి.

పెద్దల ఎదుట మర్యాద సంగతి యేమన్నచో దానికిని మార్గము కలదు. ముందుగా హెడ్‌ఫోనును ఆ పెద్దవారికే పెట్టి, వారి గొంతును వారికి వినిపింపవలెను. "తమరి మాట ఒక్కటియు పోకుండుటకే దీనిని పెట్టుకొనుచున్నాము" అని మనవి చేయవలెను. ఇటీవల మేము ఇట్లే చేయుచున్నాము. ఇంతవరకు ఎవరును కష్టపెట్టుకొనలేదు. పైగా మరియొక పాట అడుగకయే పాడిరి.

మిక్సింగునకు తగినది

వేరువేరుగా రికార్డు చేసిన గొంతులను, వాద్యములను తగిన పాళ్ళలో కలుపుటను మిక్సింగు అందురు. బుర్రకథ దీనికి చక్కని ఉదాహరణము. ఆ కళకు పితామహుడని కీర్తింపబడి, 1986లో పద్మశ్రీ నందుకొన్న షేక్ నాజర్ (1920–1997) పేరు వినని తెలుగువాడుండడు. బుర్రకథలో కథకుడు తంబుర మీటుచు, అందెలు మ్రోగించుచు కథ చెప్పును. ఇరువైపుల వంతలు గుమ్మెటలు వాయింతురు. గుమ్మెట ధ్వని గంభీరమైనది. పాళ్ళు తప్పినచో అది కథకుని మాటను మ్రింగివేయును. అట్లని దానిని మరీ తగ్గించినచో వీరరసము చప్పబడిపోవును. ఆ పాళ్ళను నిర్ణయించుటకు ఉన్నదున్నట్లు వినిపించు సాధనము కావలెను.

ఇక్కడనే పలువురు పొరపడుదురు. బజారులో దొరకు అనేక హెడ్‌ఫోనులు మంద్ర స్వరములను కావలెనని పెంచి వినిపించును. వినుటకు అవి ఇంపుగా నుండును. కాని అట్టి దానితో మిక్సింగు చేయువాడు గుమ్మెట ఎక్కువైనదని భ్రమించి దానిని తగ్గించును. అదే రికార్డు సభలో స్పీకరుపై వేసినపుడు గుమ్మెటయే లేనట్లుండును. ముఖస్తుతి చేయు స్నేహితుని సలహాపై నడుచుకొన్నవాని గతియే ఇతనికిని పట్టును. మిక్సింగునకు కావలసినది ఇంపుగా పలుకునది కాదు, నిజము పలుకునది.

నిశ్శబ్దమైన గది యున్నచో ఈ పనికి వెనుక తెరచిన రకము ఉత్తమము. ఎక్కువసేపు పెట్టుకొన్నను చెవి వేడెక్కదు. స్వరముల నడుమ ఎడము తెలియును. 1997లో వెలువడిన సెన్‌హైజర్ హెచ్.డి. 600 ఈ తరగతిలో పేరుపొందినది. అయితే దాని నిరోధము 300 ఓములు గనుక ఆంప్లిఫయరు అవసరము.

ఎంత మంచిదైనను హెడ్‌ఫోను ఒక్కదానినే నమ్మి తుది తీర్పు చెప్పరాదు. స్పీకర్లు వినునపుడు ఎడమ స్పీకరు శబ్దము ఎడమ చెవికే గాక, క్షణకాలము ఆలస్యముగ కుడి చెవికిని చేరును. హెడ్‌ఫోనులో ఎడమది ఎడమకే, కుడిది కుడికే పరిమితమగును. అందువలన కుడి ఎడమల ఎడము ఉన్నదానికంటె ఎక్కువగా తోచును. నడుమనున్న గొంతు తలలోపలనే ఉన్నట్లు వినబడును. కావున కూర్చిన దానిని ఒకసారి స్పీకర్లపైనను, ఒకసారి సామాన్య ఫోనుపైనను విని సరిచూచుకొనవలెను. వినువారిలో ఎక్కువమంది దానిని ఫోనుపైననే విందురు కదా! చెవియు అలసిపోవును. ముప్పావు గంట పనికి పది నిమిషముల విశ్రాంతి ఇచ్చుట మా అలవాటు. అలసిన చెవి శబ్దమును ఇంకను పెంచుమని కోరును. అది చెడ్డ సలహా.

సామాన్యముగా వినుటకు తగినది

కాలక్షేపమునకు, పాఠములు వినుటకు వాడుదానిలో సుఖమును, చెవి రక్షణయును ప్రధానములు. చెవి లోపల దూర్చు రకములతో పాటు వేరువేరు కొలతల రబ్బరు తొడుగులు ఇచ్చెదరు. వానిలో తన చెవికి సరిగా అమరుదానిని ఎన్నుకొన్నచో బయటి శబ్దము తగ్గును. శబ్దమును పెంచవలసిన అవసరము కూడ తగ్గును. ముందు చెప్పిన హోరును అణచు యంత్రాంగము ఇక్కడ మాత్రము ఉపయోగకరమే. రైలులో హోరు తగ్గినపుడు తక్కువ శబ్దముతోనే పాట స్పష్టముగా వినవచ్చును.

ఎంత శబ్దము, ఎంతసేపు అను ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాధానము చెప్పియున్నది. పెద్దలకు 80 డెసిబెల్‌ల శబ్దము వారమునకు 40 గంటల వరకు సురక్షితము. పిల్లలకు 75 డెసిబెల్‌లు. శబ్దము 3 డెసిబెల్‌లు పెరిగినపుడెల్ల వినదగిన కాలము సగమగును. అనగా 83 డెసిబెల్‌ల వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు. 100 డెసిబెల్‌ల వద్ద వారమంతటికిని కొలది నిమిషములు మాత్రమే. ఫోనులో శబ్దమును గరిష్ఠ స్థాయిలో 60 శాతమునకు మించనీయకుండుట మేలని కూడ ఆ సంస్థ సూచించినది. ప్రపంచమున 110 కోట్ల యువజనులకు వినికిడి లోపము కలుగు ప్రమాదము కలదని 2015లో అది హెచ్చరించినది.

చెవి లోపల శబ్దమును గ్రహించు సూక్ష్మ కణములు ఒకసారి నశించినచో మానవునిలో మరల పెరుగవు. విరిగిన ఎముక అతుకును, కోసిన చర్మము మానును. ఈ కణములు మాత్రము తిరిగిరావు. హెడ్‌ఫోను తీసిన తరువాతను చెవిలో గుయ్యిమను మ్రోత నిలిచియున్నచో అది హెచ్చరిక యని గ్రహించి విశ్రాంతి నీయవలెను. మ్రోత తగ్గనిచో వైద్యుని చూడవలెను.

ఇంకొక ప్రమాదమును చెప్పక తప్పదు. జాతీయ రహదారియు, హౌరా–చెన్నై రైలు మార్గమును మన ఊరిమీదుగా పోవుచున్నవి. రోడ్డు దాటునపుడును, పట్టాల సమీపమునను, బండి నడుపునపుడును చెవులు మూసికొనుట ప్రాణముతో చెలగాటమాడుటయే. అట్టిచోట ఎంతటి మధుర గీతమైనను ఆగవలసినదే.

కొనునపుడు చేయదగిన అక్షర పరీక్ష

భాషను చదువువారికి ఇతరులకు లేని ఒక కొలబద్ద కలదు. అది వర్ణమాల. శ, ష, స అను మూడక్షరముల భేదము ఎక్కువగా తార స్థాయిలోని ఊపిరి ధ్వనిలో నున్నది. పాత టెలిఫోను 300 మొదలు 3,400 హెర్ట్జ్ వరకు మాత్రమే పంపెడిది. అందువలననే దానిలో స, ఫ అక్షరములు ఒకదానికొకటి పొరపాటుగా వినబడెడివి. ఇట్లే చలి యను మాటలోని దంత్య చకారమునకును, చిలుక యను మాటలోని తాలవ్య చకారమునకును గల భేదమును, జడ, జీతము అను మాటలలోని జకారముల భేదమును మంచి హెడ్‌ఫోను చూపవలెను. ఉర్దూలో జలీల్‌లోని జీమ్ అక్షరమునకును, జమీన్‌లోని జే అక్షరమునకును గల తేడా, ఫల్, ఫర్జ్ అను మాటలలోని ఫకారముల తేడా ఇట్టివే.

కావున కొనబోవు విద్యార్థి ఈ మాటలన్నింటిని తన గొంతుతో నిశ్శబ్దమైన చోట రికార్డు చేసి ఫోనులో ఉంచుకొని అంగడికి పోవలెను. వ్యాపారి వినిపించు గుభగుభలాడు పాటను గాక దీనిని వినవలెను. అక్షరములు విడివిడిగా తెలిసినచో ఆ హెడ్‌ఫోను మాటకు పనికివచ్చును. సకారము చెవిని గుచ్చినట్లుండినచో తారము అతిగా నున్నదని అర్థము. అన్నియు దుప్పటి కప్పినట్లుండినచో తారము తక్కువయని అర్థము.

తరువాత పదిహేను నిమిషములు తలపై ఉంచుకొని చూడవలెను. కణతలు నొచ్చినచో అది ఎంత మంచిదైనను ఉపయోగము లేదు. మెత్తలును, తీగయును విడిగా మార్చుటకు వీలగునా యని అడుగవలెను. ఈ రెండే ముందుగా చెడునవి. ప్రసిద్ధ సంస్థల పేరుతో నకిలీలు విరివిగా అమ్ముచున్నారు గనుక బిల్లు, హామీపత్రము లేనిదే కొనరాదు. ఖరీదు ఎక్కువైనదే మంచిదను నియమము లేదు. పనికి తగినదే మంచిది.

సంరక్షణ

సముద్రతీర ప్రాంతమగు మనకు గాలిలో తేమ ఎక్కువ. పరికరములకు చెమట, తేమ, ధూళి అనునవి ముగ్గురు శత్రువులు. ఈ క్రింది నియమములను పాటించినచో హెడ్‌ఫోను చాలకాలము మన్నును.

1. వాడిన వెంటనే మెత్తలను పొడి గుడ్డతో తుడువవలెను. మురికియున్నచో కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరనీయవలెను. కృత్రిమ తోలుపై ఘాటైన స్పిరిటును వాడరాదు, అది పగులును.

2. మెత్తలు పొట్టు రాలినను, అణగిపోయినను మార్చవలెను. ఇది అందము కొరకు కాదు. మెత్త చెడినచో సందులు ఏర్పడి మంద్రము తగ్గును. హెడ్‌ఫోను అబద్ధము చెప్ప నారంభించును.

3. పిన్నును తీయునపుడు దాని మొదలును పట్టి లాగవలెను గాని తీగను పట్టి లాగరాదు. తీగను హెడ్‌ఫోనుకు బిగించి చుట్టరాదు. వదులైన చుట్టలుగా మడువవలెను. తీగలు తరచుగా తెగునది ఆ రెండు కొనలయందే.

4. పిన్ను మాసినచో చిటపటలు వచ్చును. పొడి గుడ్డతో తుడిచి, రెండు మూడుసార్లు పెట్టి తీసి చూడవలెను. 3.5 మిల్లీమీటర్ల చిన్న పిన్నుకు 6.3 మిల్లీమీటర్ల పెద్ద తొడుగు వాడువారు అది బిగుతుగా నున్నదో లేదో చూడవలెను.

5. వాడనపుడు మూత గల పెట్టెలో సిలికా జెల్ పొట్లముతో ఉంచవలెను. ఎండలో గాని, నిలిపిన కారులో గాని ఉంచరాదు. బ్యాటరీ గలవానిని పలు వారములు వాడనిచో సగము చార్జితో ఉంచి అప్పుడప్పుడు చూచుచుండవలెను.

6. చెవిలో దూర్చు రకములను ఒకరివి మరొకరు వాడరాదు. రబ్బరు తొడుగులను విడదీసి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన పిదపనే తిరిగి తొడుగవలెను.

7. తగిలించుటకు ముందు శబ్దమును పూర్తిగా తగ్గించి, పెట్టుకొన్న పిదప మెల్లగా పెంచవలెను. ఇది యంత్రమునకును, చెవికిని మేలు.

మా విన్నపము

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. తెలుగు, ఉర్దూ శాఖలు రెండును కలిసి వాడుకొనుటకు వెనుక మూసిన తీగ హెడ్‌ఫోనులు రెండు, వెనుక తెరచినది ఒకటి, వానికి అదనపు మెత్తలు, తీగలు, ఒక చిన్న రికార్డరు సమకూర్చినచో అది ఏ గ్రంథాలయ బీరువాకును తీసిపోని సంపద యగును. ఎవరు ఎప్పుడు తీసికొనిరి, ఏ స్థితిలో తిరిగి ఇచ్చిరి అని వ్రాయుటకు ఒక పుస్తకము ఉంచినచో వస్తువులు నిలుచును. ఆ భారమును వహించుటకు మేము సిద్ధముగా నున్నాము.

విద్యార్థులకు చెప్పునది కూడ ఒక్కటే. ఈ సెలవులలో మీ ఇంటిలోని నానీ, దాదీ, నాయనమ్మ, తాతగారలలో ఒక్కరి మాటనైనను, పాటనైనను రికార్డు చేయుడు. తెలుగైనను సరే, ఉర్దూయైనను సరే, రెండును కలిసినదైనను మరీ మంచిది. ముందుగా హెడ్‌ఫోనును వారికి పెట్టి చూపుడు. పిమ్మట మీరు పెట్టుకొని చివరివరకు వినుడు. పిన్ను వదులైనచో వెంటనే ఆపి, "నానీ, మరల ఒకసారి" అని అడుగుటకు సిగ్గుపడకుడు. అడిగినపుడు పాడుటకు వారు ఇంకను మన ఎదుట ఉన్నారు.

మా వద్ద ఇప్పుడు ఆరు పాటలున్నవి. వినగోరు విద్యార్థులు ఏనాడైనను మా శాఖకు వచ్చి వినవచ్చును.